ప్లేయర్ కొనేముందు దాన్ని వెనక్కి తిప్పి చూడండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. తక్కువ ఖర్చుతో ఇంట్లో మేలైన సంగీతం వినాలనుకునేవారు ఎలాంటి డిస్క్ ప్లేయర్ కొనాలో సూచిస్తూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. పాటంటే ఫోనులోనే అనుకునే ఈ రోజుల్లో డిస్కుల గురించి ఒక పేజీ కేటాయించినందుకు ముందుగా ధన్యవాదాలు. అయితే పెట్టె మీద 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ అన్న అంకెలు (ధ్వనిని ఎంత సూక్ష్మంగా, సెకనుకు ఎన్ని వేలసార్లు కొలుస్తారో చెప్పేవి) ఉంటే ఆ ప్లేయర్‌ను నిశ్చింతగా కొనవచ్చునని వ్యాసకర్త ఇచ్చిన సలహా మాత్రం పాఠకులను తప్పుదారి పట్టించేదిగా ఉంది. సరిగ్గా ఆ అంకెలనే నమ్మి చాలా ఏళ్ల కిందట మోసపోయినవాణ్ణి కనుక, పైగా ముప్పై ఏళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు ధ్వని పాఠం చెప్పినవాణ్ణి కనుక, నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా మేనల్లుడు జర్మనీ నుంచి వస్తూ నాకోసం రెండు డిస్కులు తెచ్చాడు. ఒకటి వయొలిన్ కచేరీ ఉన్న ఎస్ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ), రెండోది డీవీడీ ఆడియో. రెండూ మామూలు సీడీ కంటే మేలైన ధ్వని కోసం చేసిన డిస్కులే. వాటిని వినడానికి గుంటూరులో ఒక దుకాణానికి వెళ్లి అడిగితే, అక్కడి కుర్రవాడు ఒక డీవీడీ ప్లేయర్ మూత మీద అంటించిన బంగారు రంగు స్టిక్కరు చూపించి, దీన్ని మించింది లేదన్నాడు. స్టిక్కరు మీద ఈ అంకెలే ఉన్నాయి. మూడు వేల చిల్లర పోసి తెచ్చుకున్నాను. ఇంట్లో డిస్కు వేయగానే వయొలిన్ పలికింది. ఆరు నెలల పాటు వచ్చిన ప్రతివారినీ కుర్చీలో కూర్చోబెట్టి, మామూలు సీడీకీ దీనికీ తేడా గమనించారా అని అడిగి, అవునండీ అనిపించుకుని పంపించాను. మరుసటి సంక్రాంతికి మేనల్లుడు వచ్చి, వంగి ప్లేయర్ ముందుభాగంలో నీలంగా వెలుగుతున్న రెండక్షరాలు చదివి, "మామయ్యా, ఇక్కడ సీడీ అని పడుతోంది. ఇన్నాళ్లూ నువ్వు వింటున్నది మామూలు సీడీనే" అన్నాడు. ఆ పూట కాఫీ చేదుగా ఉందని మా ఆవిడ మీద విసుక్కున్నట్టు గుర్తు.

అక్కడ జరిగినదేమిటో వివరిస్తాను. ఎస్ఏసీడీని సోనీ, ఫిలిప్స్ కంపెనీలు 1999లో తెచ్చాయి. వీటిలో చాలావరకు హైబ్రిడ్ డిస్కులు. అంటే ఒకే డిస్కులో రెండు పొరలుంటాయి. లేజరు పడే వైపు నుంచి చూస్తే, 1.2 మిల్లీమీటర్ల మందమున్న ఆ పళ్లెంలో అట్టడుగున మామూలు సీడీ పొర, సగం లోతులో ఎస్ఏసీడీ పొర. సీడీని చదివే లేజరు తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు. మధ్యలో ఉన్న పొర ఆ కాంతికి గాజు లాంటిది, అడ్డుపడదు; కాంతి నేరుగా అడుగుకు పోయి సీడీని చదువుకుంటుంది. 650 నానోమీటర్ల ఎర్ర లేజరుకు మాత్రం మధ్య పొర అద్దంలా ఎదురుపడుతుంది. డీవీడీ ప్లేయర్‌లో ఆ ఎర్ర లేజరూ ఉంటుంది కదా అనవచ్చు. ఉంటుంది, కానీ ఆ పొరలోని సమాచారాన్ని విప్పే అనుమతి, దానికి కావలసిన చిప్పు ఆ ప్లేయర్‌లో లేవు. అందుచేత అది నోరెత్తకుండా సీడీ పొరను అందుకుని పాడేస్తుంది. ఎక్కడా పొరపాటు సందేశం రాదు. పాట ఆగదు. వినేవాడికి అనుమానం రావడానికి దారే లేదు.

రెండో డిస్కు సంగతీ అంతే. 2000లో వచ్చిన డీవీడీ ఆడియోలో రెండు చానెళ్ల సంగీతాన్ని 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ వరకు దాచవచ్చు. కాని అలాంటి డిస్కుల్లో చాలావాటిలో మామూలు డీవీడీ ప్లేయర్ల కోసం డాల్బీ డిజిటల్ పద్ధతిలో కుదించిన మరో ప్రతిని కూడా పెడతారు. నా ప్లేయర్ దాన్నే పాడింది. అంటే మేలైన డిస్కు కొని, మేలైనదన్న ప్లేయర్ కొని, సినిమా డీవీడీ స్థాయి ధ్వని విన్నానన్నమాట.

మరి స్టిక్కరు అబద్ధమా? కాదు, అదే అసలు చిక్కు. ఆ అంకెలు లోపల ఉన్న డీఏసీ అనే చిప్పువి. డిస్కులోని అంకెలను విద్యుత్ తరంగంగా మార్చే ఆ చిప్పు, సెకనుకు 1,92,000 నమూనాల వరకు మింగగలదని దాని అర్థం. సీడీలో ఉన్నవి సెకనుకు 44,100 నమూనాలే. అవి చిప్పులోకి వెళ్లి ఎన్ని రెట్లు పెరిగినా డిస్కులో లేని సంగతి కొత్తగా పుట్టదు. పది లీటర్ల బిందె పట్టుకుని బావికి వెళ్లినంత మాత్రాన బావిలో నీళ్లు ఊరవు కదా. రెండు వేల రూపాయల డీవీడీ ప్లేయర్ల మీద కూడా ఈ అంకెలను ముద్రించి అమ్మిన కాలం ఒకటి గడిచింది. ఆ సరుకే ఇప్పుడు పాత సామాన్ల అంగళ్లలోనూ ఆన్‌లైన్‌లోనూ అవే స్టిక్కర్లతో తిరుగుతోంది కనుకనే మీ వ్యాసంలోని సలహా నన్ను కలవరపెట్టింది.

కాబట్టి కొనేవారు ముందుభాగం చూసి ముచ్చటపడటం మాని, ప్లేయర్‌ను వెనక్కి తిప్పి అక్కడి రంధ్రాలు చూడాలని నా మనవి. ప్లేయర్ ఒక డిస్కును చదవగలగడం ఒక సంగతి. చదివినదాన్ని మీ యాంప్లిఫయర్ వరకు తరగకుండా పంపగలగడం వేరే సంగతి. ఎస్ఏసీడీలోని ధ్వని సీడీలా 16 బిట్ల నమూనాలుగా ఉండదు. ఒకే బిట్టు సెకనుకు 28,22,400 సార్లు, అంటే సీడీ వేగానికి సరిగ్గా 64 రెట్ల వేగంతో మారుతూ ఉంటుంది. దీన్ని డీఎస్‌డీ అంటారు. నకళ్లు తీస్తారన్న భయంతో ఈ ధ్వనిని, అంకెల రూపంలోనే మోసే కోయాక్సియల్, ఆప్టికల్ వైర్ల గుండా పంపడానికి మొదటి నుంచీ అనుమతి లేదు. డీవీడీ ఆడియో కూడా ఆ వైర్లలో పోవాలంటే సాధారణంగా 48 కిలోహెర్ట్జ్‌కు కుదించుకుపోతుంది. ఇది తెలియక, వేలు పోసి విడిగా దొరికే మంచి డీఏసీ పెట్టె కొని దానికి కోయాక్సియల్ వైరు తగిలించి, ఎస్ఏసీడీ వేస్తే మౌనమే ఎదురైనవారిని నేనెరుగుదును. ఆ వైరు మామూలు సీడీలకు మాత్రం నిక్షేపంగా పనికివస్తుంది.

ఇక మిగిలే దారులు రెండు. మొదటిది, మనకందరికీ అలవాటైన ఎరుపు, తెలుపు పిన్నులు. ప్లేయర్ లోపలే ధ్వని విద్యుత్ తరంగంగా మారి వస్తుంది కనుక ఇక్కడ ఆంక్షలు లేవు. ముప్పై ఏళ్ల నాటి స్టీరియో యాంప్లిఫయర్ ఉన్నా చాలు. రెండోది హెచ్‌డీఎంఐ. డీఎస్‌డీ ధ్వనిని మోసే ఏర్పాటు 2005లో వచ్చిన 1.2 రకం నుంచి దానిలో ఉంది. కాని అవతల యాంప్లిఫయర్‌కు కూడా హెచ్‌డీఎంఐ ఉండాలి, అది ఆ ధ్వనిని గుర్తించాలి. గుర్తించకపోతే ప్లేయర్ మెనూలోకి వెళ్లి పీసీఎం (సీడీలోలా నమూనాల రూపం) అని మార్చుకోవాలి. ప్లేయర్‌ను టీవీకి కలిపి, టీవీ నుంచి ఆప్టికల్ వైరు యాంప్లిఫయర్‌కు లాగేవారు మన ఇళ్లలో ఎక్కువ. చాలా టీవీలు దారి మధ్యలో ధ్వనిని కుదించేస్తాయి గనుక ఆ పద్ధతిలో ఎంత గొప్ప డిస్కు వేసినా ప్రయోజనం లేదు.

ఉదాహరణకు, సోనీ వారి యూబీపీ-ఎక్స్700 అనే బ్లూరే ప్లేయర్ ఎస్ఏసీడీని చదువుతుంది. ఆ సంగతి విని సంబరపడి కొనేవారు దాని వెనక ఏముందో చూడాలి: రెండు హెచ్‌డీఎంఐలు, ఒక కోయాక్సియల్. ఎరుపు, తెలుపు పిన్నులు లేవు. హెచ్‌డీఎంఐ ఉన్న హోమ్ థియేటర్ యాంప్లిఫయర్ ఇంట్లో ఉంటే అది చక్కని ఎంపిక. రెండు హెచ్‌డీఎంఐలలో ఒకటి ధ్వనికే ప్రత్యేకించినది కావడం అదనపు సౌకర్యం. నాలాగా పాత స్టీరియో యాంప్లిఫయర్‌ను వదలలేనివారికి మాత్రం అది చేతికందని పండే. మావంటివాళ్లు సెకండ్ హ్యాండ్‌లో వెనకటి తరం యూనివర్సల్ డీవీడీ ప్లేయర్ కోసం వెతుక్కోవాలి. అది దొరికితే బ్లూరే ఆడదు, కానీ ఎస్ఏసీడీ, డీవీడీ ఆడియో రెండూ ఆ రెండు పిన్నుల గుండానే వినిపిస్తాయి.

వెతుక్కోవడం అన్నాను గనుక ఒక హెచ్చరిక కూడా చేయాలి. కొత్త ప్లేయర్లు తయారుచేసేవారు ఏటికేడు తగ్గిపోతున్నారు. ఈ రంగంలో పేరున్న ఒప్పో డిజిటల్ 2018లో కొత్త పరికరాలు ఆపేసింది. 2019లో శామ్‌సంగ్ కొత్త బ్లూరే ప్లేయర్లు తేవడం మానుకుంది. 2024 చివర్లో ఎల్‌జీ కూడా తప్పుకుంది. అందుకే చాలామంది జపాన్, అమెరికాల నుంచి పాతవి తెప్పించుకుంటున్నారు. జపాన్ కరెంటు 100 వోల్టులు, అమెరికాది 120, మనది 230. వెనక ప్లేటు మీద 100-240 అని ఉంటే నేరుగా ప్లగ్గు పెట్టవచ్చు. 100 అని మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. నా మిత్రుడొకరు ఆ చిన్న అక్షరాలు చదవకుండా ప్లగ్గు పెట్టిన క్షణంలో టప్పుమన్న చప్పుడు, దాని వెంట వచ్చిన కాలిన వాసన, ఇవే ఆ ప్లేయర్ ఆయనకు వినిపించిన మొత్తం సంగీతం.

లెన్సు విషయంలోనూ జాగ్రత్త పడాలి. పాత ప్లేయర్‌ను పరీక్షించమంటే అమ్మేవారు ఏదో ఒక సినిమా పాటల సీడీ వేసి, చూశారా ఎంత బాగా పాడుతోందో అంటారు. సీడీని చదివే లేజరు వేరు, ఎస్ఏసీడీని చదివే లేజరు వేరు అని పైన మనవి చేశాను కదా; ఒకటి బాగుండి రెండోది అరిగిపోయి ఉండటం సర్వసాధారణం. కనుక మీ దగ్గరున్న ప్రతి రకం డిస్కూ ఒక్కొక్కటి సంచిలో వేసుకుని వెళ్లి, మొదటి పాట, చివరి పాట రెండూ వేయించి చూడాలి. డిస్కు మధ్య నుంచి అంచుకు చదువుకుంటూ పోతుంది కాబట్టి నీరసించిన లెన్సు తరచు చివరి పాటల దగ్గరే తడబడుతుంది. ట్రే నాలుగైదుసార్లు తెరిచి మూయించాలి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో కొన్ని లెన్సులు ఇప్పటికీ దొరుకుతాయి గాని, ఎస్ఏసీడీ ప్లేయర్ల లెన్సు అడిగితే అక్కడివారు కూడా తల అడ్డంగా ఊపడం చూశాను.

ఇంతా చేసి, తేడా చెవికి తెలుస్తుందా? ఈ ప్రశ్నను మీ వ్యాసకర్త ముట్టుకోలేదు. సీడీ 22 కిలోహెర్ట్జ్ దాకా పౌనఃపున్యాలను పట్టుకుంటుంది. మనిషి చెవి, అదీ పడుచువాళ్ల చెవి, 20 వరకు వింటుంది. నా వయసువాళ్లకు 10 దాటితే అనుమానమే. అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు 2007లో ప్రకటించిన పరీక్షలో, ఎస్ఏసీడీ, డీవీడీ ఆడియోల ధ్వనిని నేరుగా ఒకసారి, సీడీ స్థాయికి దించి ఒకసారి వినిపిస్తే, శ్రోతలు గుర్తుపట్టింది బొమ్మాబొరుసూ వేసినట్టు సగం సార్లే. 2016లో లండన్‌కు చెందిన జాషువా రైస్ ఇలాంటి 18 పరిశోధనలను కలిపి లెక్కిస్తే సరైన జవాబులు 52.3 శాతం వచ్చాయి. శిక్షణ పొందిన శ్రోతలు ఇంకొంచెం మెరుగ్గా చెప్పగలిగారు. తేడా బొత్తిగా లేదనడానికి వీల్లేదు, ఆస్తులమ్ముకుని పరుగెత్తేంత తేడా కూడా కాదు.

మా ఇంట్లోనూ చేసి చూశాను. ఇప్పుడున్న పాత యూనివర్సల్ ప్లేయర్‌లో అదే వయొలిన్ డిస్కును ఒకసారి ఎస్ఏసీడీ పొర నుంచి, ఒకసారి సీడీ పొర నుంచి వినిపించాను. మొదటి రోజు మనవడు పదికి తొమ్మిదిసార్లు ఎస్ఏసీడీని గుర్తుపట్టేసరికి మురిసిపోయాను. తరవాత స్పీకరు టెర్మినళ్ల దగ్గర మల్టీమీటరు పెట్టి చూస్తే, ఎస్ఏసీడీ పాడేటప్పుడు వోల్టేజి సీడీ కంటే కాస్త ఎక్కువ వస్తోంది. వాడు గుర్తుపట్టింది మేలిమిని కాదు, కాస్త పెద్ద శబ్దాన్ని. వాల్యూం సరిచేసి మళ్లీ కూర్చోబెడితే ఇరవైకి పదకొండు చెప్పాడు. దుకాణాల్లో డెమో గదిలో కూర్చునే ప్రతి ఒక్కరూ ఇది గుర్తుంచుకోవాలి: కాస్త బిగ్గరగా వినిపించేదే చెవికి మేలైనదిగా తోస్తుంది. అమ్మేవారికి ఈ సంగతి తెలియదనుకోవడం మన అమాయకత్వం.

అలాగని ఆ డిస్కులు దండగ అనడం లేదు. ఎస్ఏసీడీ కోసం సంగీతాన్ని సిద్ధం చేసిన ఇంజినీర్లు చాలాసార్లు నిదానంగా, చిన్న శబ్దాన్ని చిన్నగా, పెద్దదాన్ని పెద్దగా ఉంచి తయారుచేస్తారు. మామూలు సీడీల్లో అన్నీ ఒకే ఎత్తుకు నొక్కేసి బిగ్గరగా అరిపించే ధోరణి 1990ల నుంచి బలపడింది. మనకు తెలిసే తేడా ఎక్కువ భాగం ఆ చేతిపనిది. ఇదే కారణంగా, హైబ్రిడ్ డిస్కు సీడీ పొరను వెయ్యి రూపాయల ప్లేయర్‌లో విన్నా హాయిగానే ఉండవచ్చు. అలా చూస్తే ఆ ఆరు నెలలు మా ఇంటికి వచ్చినవారు అవునండీ అన్నది పూర్తిగా మొహమాటం కాకపోవచ్చు.

తెలుగు శ్రోతల అలమరాలో ఉన్నవేమిటన్నది కూడా ఆలోచించాలి. ఎక్కువమంది దగ్గర ఘంటసాల భగవద్గీత, పాత సినిమా పాటలు, త్యాగరాజ కృతుల సీడీలు ఉంటాయి. లక్క రికార్డుల కాలం నాటి పాటల్లో పది కిలోహెర్ట్జ్ పైన చాలావరకు గరగర తప్ప సంగీతం లేదు. అవి ఒకే చానెల్ రికార్డింగులు. వాటిని 192లో వినడమంటే గరగరను మరింత స్పష్టంగా వినడమే. ఒకే డిస్కులో వందకు పైగా పాటలని బస్టాండుల్లో అమ్మిన ఎంపీ3 సీడీల గురించి చెప్పనే అక్కర్లేదు. ఇలాంటి సేకరణ ఉన్నవారు హై రిజల్యూషన్ ప్లేయర్ కొనడం వల్ల లాభం లేదు. కోయాక్సియల్ రంధ్రమున్న పాత డీవీడీ ప్లేయర్, ఒక చిన్న డీఏసీ, మిగిలిన డబ్బంతా స్పీకర్లకు. ఇది నా సలహా. చేతిలో ముప్పై వేలుంటే ఇరవై వేలు స్పీకర్లకే పెట్టమంటాను. హై రిజల్యూషన్ వినాలన్న కోరిక ఉండి డిస్కులు లేనివారికి ఆపిల్ మ్యూజిక్ వంటి సేవలు 2021 నుంచి 24 బిట్, 192 వరకు అందిస్తూనే ఉన్నాయి. వైరు హెడ్‌ఫోనుతో, తగిన డీఏసీతో వినాలి, బ్లూటూత్‌తో కాదు. డిస్కులే కావాలనుకుని కొత్తగా కూడబెట్టేవారికి బ్లూరే ఆడియో సులభం, ఎందుకంటే దానికి ప్రత్యేకమైన ప్లేయర్ అక్కర్లేదు, ఏ బ్లూరే ప్లేయరైనా పాడుతుంది.

చివరగా మీ పత్రిక ద్వారా తయారీదారులకు, దుకాణదారులకు ఒక విన్నపం. వస్తువు నాణ్యత, పరిమాణం, ప్రమాణం తెలుసుకునే హక్కు కొనుగోలుదారుకు ఉందని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. చిప్పు సామర్థ్యాన్ని బంగారు స్టిక్కరు మీద అచ్చువేయగలిగినవారు, ఏ డిస్కులోని ధ్వని ఏ రంధ్రం గుండా ఎంత స్థాయిలో బయటికి వస్తుందో చూపే చిన్న పట్టికను పెట్టె మీద తెలుగులో వేయలేరా? దుకాణంలో ఈ ప్రశ్నకు జవాబు దొరకనివారు, తప్పు జవాబు నమ్మి నష్టపోయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. నాకు ఆ రోజుల్లో ఇది తెలియదు, బిల్లు కూడా దాచుకోలేదు. స్టిక్కరున్న ఆ ప్లేయర్ మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. కోయాక్సియల్ వైరుతో డీఏసీకి కలిపాను; తెల్లవారుజామున మా ఆవిడ సుప్రభాతం సీడీ వేసుకుంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి.